74 మీటర్ల ఖాళీ

మన ఊళ్ళో ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ పిల్లర్ల మధ్య పది పన్నెండు అడుగులు వదులుతాడు. హాలు విశాలంగా ఉండాలని పట్టుబడితే పదిహేనుకు ఒప్పుకుంటాడు. ఆపైన అడిగితే దూలం లావెక్కుతుందని, ఇనుము ఖర్చు తడిసి మోపెడవుతుందని బెదిరిస్తాడు. బ్రెజిల్‌లోని సావో పాలో నగరంలో, పావులిస్తా అవెన్యూ మీదున్న కళా మ్యూజియం కింద ఆ దూరం 74 మీటర్లు. అంటే 240 అడుగుల పైమాటే. మధ్యలో ఒక్క పిల్లర్ లేదు. భవనం పైభాగం నేలకు 8 మీటర్ల ఎత్తున ఉంటే, కింద జనం తిరుగుతుంటారు.

దీన్ని గీసింది లీనా బో బార్డీ. 1914 డిసెంబర్‌లో రోమ్‌లో పుట్టి, 31 ఏళ్ళ వయసులో ఓడెక్కి బ్రెజిల్ చేరిన ఇటాలియన్ ఆర్కిటెక్ట్. ఆమె కట్టినవి ఎక్కువేం కాదు. అందుకే భవనాల సంఖ్య కన్నా, ఒక్కో చోట ఆమె కట్టకుండా వదిలిన జాగా ఎంతో చూస్తే మనిషి బాగా అర్థమవుతుంది.

ఆమెకన్నా ముందే సుమారు 15 లక్షల మంది ఇటాలియన్లు బ్రెజిల్ వెళ్ళారు. 1888లో అక్కడ బానిసత్వం రద్దయ్యాక కాఫీ తోటలకు కూలీల అవసరం విపరీతంగా పెరిగింది. కుటుంబంతో వచ్చేవాళ్ళకు ఓడ ఖర్చు సావో పాలో ప్రభుత్వమే పెట్టుకుంది. (కోరంగి రేవు నుంచి మనవాళ్ళు మారిషస్ చెరకు తోటలకు వెళ్ళడం వెనక ఉన్నదీ ఇలాంటి కారణమే, అర్ధ శతాబ్దం ముందు.) తోటల్లో బతుకు ఎంత దుర్భరమో కబుర్లు ఇటలీకి చేరాయి. అలా ఉచిత టికెట్ల మీద జనాన్ని పంపడాన్ని 1902లో ఇటలీ ప్రభుత్వం నిషేధించింది.

లీనా వలస ఆ కోవలోది కాదు. ఆమె 1939లో రోమ్‌లో ఆర్కిటెక్చర్ పట్టా పుచ్చుకుని మిలాన్ వెళ్ళింది. యుద్ధకాలంలో కూలేవే తప్ప కట్టేవి లేవు. పత్రికలకు బొమ్మలు వేస్తూ, వ్యాసాలు రాస్తూ నెట్టుకొచ్చింది. 1943లో బాంబుదాడిలో ఆమె ఆఫీసే పోయింది. 1946లో తనకన్నా 14 ఏళ్ళు పెద్దవాడైన కళా విమర్శకుడు, చిత్రాల వ్యాపారి పియెత్రో మరియా బార్డీని పెళ్ళాడి, ఆ అక్టోబర్‌లోనే రియో రేవులో దిగింది. వాళ్ళతోపాటు పెట్టెల నిండా చిత్రాలు, పుస్తకాలు దిగాయి. పత్రికల అధిపతి అస్సీస్ శతోబ్రియాఁ పియెత్రోను చూసి, సావో పాలోలో మ్యూజియం పెడతాను, నడిపిపెట్టమన్నాడు. 1947లో అది ఒక ఆఫీసు భవనంలో మొదలైంది. చేతిలో చిత్రాల సంపద, పక్కన పలుకుబడి గల స్నేహితులు: కాఫీ తోటకు వెళ్ళిన కూలీకి ఇందులో ఏదీ లేదు. లీనా కథ చెప్పేవాళ్ళు ఈ తేడాను దాటేస్తుంటారు.

1951లో ఆమె బ్రెజిల్ పౌరురాలైంది. సొంత ఇల్లూ ఆ ఏడాదే. మొరుంబీ ప్రాంతంలో, ఒకప్పటి టీ తోటలో సుమారు 7,000 చదరపు మీటర్ల స్థలం. మన లెక్కలో ఎకరం ముప్పాతిక. వాలు నేల మీద సన్నటి స్తంభాలు నిలిపి, వాటి మీద గాజు గోడల హాలు పెట్టింది. ఇంటి మధ్యలో చదరంగా ఖాళీ వదిలితే అందులోంచి చెట్టు పైకి లేచింది. ఫోటోల్లో కనిపించేదంతా ఈ ముందుభాగమే. వెనక భాగం నేల మీదే, మామూలు గోడలతో ఉంటుంది. పడకగదుల వెనకాల, ఇంకో పెరటి అవతల, పనివాళ్ళ గదులు. గాజు అంతదాకా పోలేదు. ధనిక బ్రెజిల్ ఇళ్ళ పాత అలవాటును ఆమె కూడా తప్పించలేదని నాకనిపిస్తుంది. 1992 మార్చిలో చనిపోయేదాకా, నాలుగు దశాబ్దాలు ఆమె ఉన్నది అక్కడే.

మధ్యలో కొన్నేళ్ళు ఈశాన్యాన బయ్యా రాష్ట్రంలో గడిచాయి. సల్వదోర్‌లో పాత తీరప్రాంత గిడ్డంగుల్ని మ్యూజియంగా మలిచింది. అక్కడి చెక్క మెట్లలో ఒక్క మేకు లేదు, అన్నీ ఎడ్లబండి పద్ధతి అతుకులే. 1964లో సైన్యం అధికారం లాక్కోవడంతో ఆ పని ఆగిపోయింది.

ఇక ఆ 74 మీటర్లు. పావులిస్తా మీది ఆ స్థలం అప్పటికే నగరాన్ని చూసే డాబాలాంటి చోటు. భవనం లేస్తే చూపు మూసుకుపోతుంది. లీనా జవాబు: కొంత నేల కింద కట్టు, కొంత గాల్లోకి ఎత్తు, మధ్య జాగా జనానికి వదిలెయ్. దీన్ని నిలబెట్టే బాధ్యత ఇంజనీరు ఫిగెరేదో ఫెరాజ్‌ది. మామూలు కాంక్రీటు నొక్కుడుకు గట్టిగా ఆగుతుంది, లాగుడుకు పగులుతుంది. పొడవాటి దూలం సొంత బరువుకే కిందికి వంగి, అడుగున లాగుడు పుడుతుంది. అందుకని లోపల ఉక్కు తీగల్ని బిగించి లాగి, రెండు కొసలా బంధించి, కాంక్రీటును ముందే నొక్కిపెడతారు. పుస్తకాల వరుసను రెండు పక్కలా అరచేతులతో అదిమి ఒక్కసారిగా ఎత్తినట్టు. అలా చేయడంవల్లే సుమారు మూడున్నర మీటర్ల ఎత్తు దూలాలతో అంత దూరం దాటగలిగారు. మొత్తం బరువు దిగేది నాలుగు పిల్లర్ల మీదికే. నేడు అందరూ గుర్తుపట్టే ఎర్రరంగు వాటికి మొదట్లో లేదు. దాదాపు ఇరవై ఏళ్ళ తరువాత వేశారు.

పని 1957లో మొదలైంది. 1968 నవంబర్‌లో ఎలిజబెత్ రాణి వచ్చి ప్రారంభించేనాటికి లీనాకు 53 ఏళ్ళు. అయిదు వారాలకే, డిసెంబర్ 13న, సైనిక ప్రభుత్వం పౌరహక్కుల్ని తుంగలో తొక్కే ఐదో సంస్థాగత చట్టం తెచ్చింది. గుమిగూడడమే నేరమయ్యే రోజులకు, గుమిగూడడానికే వదిలిన జాగా తయారై ఉంది! సైనిక పాలన పోయాక నగరంలో ఏ ఊరేగింపు బయల్దేరినా ఆ నీడలోంచే బయల్దేరడం మామూలైంది.

లోపల చిత్రాలకు గోడ లేదు. కాంక్రీటు దిమ్మెలో గాజు పలక నిలిపి, దానికి చిత్రం తగిలించింది. పేరు, చిత్రకారుడి వివరం వెనకవైపు. ముందు బొమ్మ చూడు, ఎవరిదో తరువాత తెలుసుకో అన్నట్టు. 1996లో మ్యూజియం వాళ్ళు వీటిని తీసేసి మామూలు గోడలు పెట్టారు. 2015లో మళ్ళీ తెచ్చారు.

నన్నడిగితే ఆమె అసలు గొప్ప పని ఇది కాదు, సెస్క్ పొంపేయా. సెస్క్ అనేది వర్తక, సేవారంగ యజమానులు జీతాల మొత్తంలో 1.5 శాతం కట్టగా నడిచే సంస్థ. కార్మికులకు ఆటలు, నాటకాలు, చౌక భోజనం ఇస్తుంది. అది పుట్టిందీ 1946లోనే. పాత డ్రమ్ముల ఫ్యాక్టరీ కొని, వినోద కేంద్రం కట్టమని అప్పగించారు. లీనా అక్కడికి వెళ్ళేసరికి వారాంతాల్లో చుట్టుపక్కల కుటుంబాలు చేరి వండుకుంటున్నాయి, పిల్లలు ఆడుకుంటున్నారు. ఆ షెడ్లను పడగొట్టకుండా అలాగే ఉంచింది. 1977లో పని మొదలుపెట్టినప్పుడు ఆమెకు 62, ఆటల టవర్లు 1986లో పూర్తయ్యేసరికి 71.  గుర్తింపు ఇంకా ఆలస్యం: వెనిస్ బినాలే ప్రదర్శన ఆమెకు స్వర్ణ సింహం పురస్కారం ప్రకటించింది 2021లో, పోయిన 29 ఏళ్ళకు.

సెస్క్ పొంపేయా స్థలం మధ్యలో భూమి కింద వాగు పారుతుంది. దాని మీద కట్టడానికి వీల్లేదు. కాబట్టి అటొక టవర్, ఇటొక టవర్ లేపి, వాటిని గాల్లో కాంక్రీటు వంతెనలతో కలిపింది. ఆట కోర్టులు ఒక దాంట్లో, బట్టలు మార్చుకునే గదులు రెండోదాంట్లో. వంతెనలకు పైకప్పు లేదు. కిటికీలు అడ్డదిడ్డంగా పగలగొట్టిన గుహల నోళ్ళలా ఉంటాయి, గాజు పెట్టలేదు. వాన పడేటప్పుడు ఫుట్‌బాల్‌కు వచ్చినవాళ్ళు మ్యాచ్‌కు ముందే తడవాల్సిందే.