ఫిల్టర్ బిగించే కొద్దీ ఏం ఆగుతోంది?

పిల్లలు వాడే కంప్యూటర్లకు, ఫోన్లకు ఫిల్టర్ తప్పనిసరి చేసే చట్టాలు కొన్ని దేశాల్లో వచ్చాయి. ఫిల్టర్ ఉందా లేదా అన్నదే వాటి పట్టింపు. దాన్ని ఎంత బిగించాలన్నది ఎవరూ పట్టించుకోరు. నన్ను కలవరపెట్టేది అదే.

అమెరికా బాలల ఇంటర్నెట్ రక్షణ చట్టం మీద 2000 డిసెంబరులో క్లింటన్ సంతకం చేశారు. అక్కడి బడులకు, గ్రంథాలయాలకు ఇంటర్నెట్ ఖర్చులో 20 నుంచి 90 శాతం దాకా 'ఈ-రేట్' రాయితీ దొరుకుతుంది. ఆ రాయితీ కావాలంటే అశ్లీల దృశ్యాలను ఆపే ఫిల్టర్ పెట్టి తీరాలి. వద్దనుకునే స్వేచ్ఛ కాగితం మీద ఉంది. కానీ రాయితీ ఎక్కువ దక్కేది పేద ప్రాంతాల బడులకే, వాటికి కాదనే స్తోమత ఎక్కడిది? గ్రంథాలయాల సంఘం కోర్టుకెక్కినా, 2003లో సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో చట్టాన్ని నిలబెట్టింది.

ఈలోగా 2002లో కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్ ఈ ఫిల్టర్లను పరీక్షకు పెట్టించింది. టీనేజీ పిల్లలు వెతికే తీరులోనే వెతికి, దొరికిన 3,053 ఆరోగ్య సైట్లను, 516 అశ్లీల సైట్లను 7 రకాల ఫిల్టర్ల మీద ప్రయోగించారు. ఫిల్టర్‌ను బాగా వదులుగా పెడితే సగటున 87 శాతం అశ్లీల సైట్లు ఆగాయి. వాటితోపాటు ఆగిన ఆరోగ్య సైట్లు 1.4 శాతమే. పూర్తిగా బిగిస్తే అశ్లీలం 91 శాతం ఆగింది, ఆరోగ్య సైట్లు మాత్రం 24 శాతం మూతపడ్డాయి.

శాతాలను సైట్లలోకి మార్చి చూడండి. బిగించినందువల్ల అదనంగా ఆగిన అశ్లీల సైట్లు 20 చిల్లర. అందుకోసం పోగొట్టుకున్న ఆరోగ్య సైట్లు దాదాపు 690. కండోమ్ గురించి, స్వలింగ సంపర్కుల గురించి వెతికితే వదులు ఫిల్టర్ కూడా పదింట ఒకటి చొప్పున సైట్లను ఆపేసింది. ఇంట్లో నోరు విప్పి అడగలేని సంగతే పిల్లలు నెట్‌లో వెతుక్కుంటారు. ఫిల్టర్ ముందుగా మూసేది ఆ తలుపునే. ఇది పాతికేళ్ల నాటి సాఫ్ట్‌వేర్ మాటే, ఇప్పటివి ఇంతకంటే తెలివైనవి. అయినా ఎంత బిగించాలో తేల్చేది నేటికీ మనుషులే. తల్లిదండ్రుల ఫిర్యాదుకు భయపడే బడి యాజమాన్యం ఎటు మొగ్గుతుందో ఊహించడం కష్టం కాదు.

దక్షిణ కొరియా ఇంకో అడుగు ముందుకేసింది. 19 ఏళ్ల లోపు వారి ఫోన్లలో హానికర సమాచారాన్ని ఆపే ఏర్పాటు ఉండాలని 2015 ఏప్రిల్‌లో నిబంధన తెచ్చింది. ప్రభుత్వ అండతో వచ్చిన 'స్మార్ట్ షెరిఫ్' యాప్ లక్షల ఫోన్లలోకి చేరింది. ఆ సెప్టెంబరులోనే టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన సిటిజన్ ల్యాబ్ అందులో 26 భద్రతా లోపాలను బయటపెట్టింది. పిల్లల వ్యక్తిగత వివరాలు పరాయివాళ్ల చేతికి చిక్కేంత లోపాలవి. ఏడాది తిరగకుండానే యాప్‌ను ఉపసంహరించారు. కాపలా పెట్టినవాడే తలుపు తీసి ఉంచాడని ఆ తల్లిదండ్రులకు తెలిసింది అప్పుడే.

ఫ్రాన్స్ దారి నాకు నచ్చింది. 2022లో చేసిన చట్టం 2024 జులైలో అమల్లోకి వచ్చింది. పరికరాన్ని మొదటిసారి ఆన్ చేసినప్పుడే తల్లిదండ్రుల నియంత్రణ సదుపాయాన్ని కంపెనీ ఉచితంగా చూపించాలి. వాడాలా వద్దా అన్నది ఇంటివాళ్ల ఇష్టం.

మన దేశంలో 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 18 ఏళ్ల లోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది, ఫిల్టర్ ఊసెత్తదు. జాబితాలు తప్పుతాయన్న అనుభవం మాత్రం మనకూ ఉంది. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు 857 సైట్లను మూయమంటే, వాటిలో 30 సైట్లలో అశ్లీలమే లేదని కేంద్రం తేల్చింది. చివరికి 827 సైట్లు మూతపడ్డాయి.

మళ్లీ అమెరికా చట్టానికి వస్తే, ఈ-రేట్ నిబంధనల్లో ఇంకో సంగతి ఉంది. న్యాయమైన పరిశోధన కోసమో, మరో చట్టబద్ధమైన అవసరం కోసమో అడిగితే ఫిల్టర్ తీసేయవచ్చు, అయితే పెద్దవాళ్లకే. 17 నిండనివారు ఆ చట్టం లెక్కలో పిల్లలు. అడ్డంకితో ఎక్కువ ఇబ్బంది పడేవాళ్లకే తీయమని అడిగే హక్కు లేకపోవడం అన్యాయం. ఇకమీదట ఎవరు ఇలాంటి చట్టం రాసినా, పొరపాటున మూసిన సైటును ఎన్ని గంటల్లో తెరవాలో, తెరవమని ఒక పదిహేనేళ్ల పిల్ల ఎవరిని అడగాలో అందులోనే రాయాలి.