ఆటగత్తెల వేలము

గడచిన శ్రావణ శుక్రవారమునాడు మా ఆడుబిడ్డ ఎమ్మిగనూరినుండి ఆదోనికి వచ్చెను. తాంబూలమునకు వచ్చినదిగదా యని సంతసించితిని. కాని కాళ్లకు పసుపు పూయించుకొనుచునే యామె, "వదినె, నీవైనను దానికి బుద్ధి చెప్పుము. ఆడుపిల్లలను వేలము వేయుదురట! ఇంతకంటె అప్రతిష్ఠ యున్నదా?" యని కంట తడి పెట్టెను.

ఆమె కూతురు మా యింటనుండి ఇచ్చటి కళాశాలలో చదువుచున్నది. చదువుతోపాటు క్రికెట్టు. మా పెరటిగోడమీద బొగ్గుతో గీసిన మూడు నిలువుగీతలు దాని పనియే. ఇటీవల పిల్లను చూడవచ్చినవారు, "ఆట బాగుగా వచ్చినచో రేపు దీనిని గూడ వేలములో పెట్టుదురు కాబోలు" నని నవ్విపోయిరట. ఆ నవ్వు తల్లి మనసున ముల్లువలె దిగబడినది.

వేలమను మాట మా యూరివారికి వింత కాదు. ఆదోని ప్రత్తికి పేరుబడిన యూరు. మార్కెట్టు యార్డులో రైతు తెచ్చిన ప్రత్తిని వ్యాపారి చేతబట్టి, పింజ లాగి చూచి ధర కట్టును. నోరులేని ప్రత్తి ఎవరి బండి యెక్కుమన్న ఆ బండి యెక్కును. మనుష్యులకును అదియే పద్ధతియా? చిన్ననాడు మా తండ్రిగారు హరిశ్చంద్రోపాఖ్యానము చదివించునపుడు, చంద్రమతిని కాశీవీథిలో వెలకు పెట్టిన ఘట్టమున నేను పుస్తకము మూసి లేచిపోయితిని. కావున మా ఆడుబిడ్డ దుఃఖమును చూచి నాకు నవ్వు రాలేదు. అసలు సంగతి తెలిసికొందమని మా వారిని అడిగియు, పాత పత్రికలు తిరుగవేసియు గ్రహించినది ఇచట వ్రాయుచున్నాను.

దూరమేల? మా ఆదోని పిల్లయే ఆ వేలమున నిలిచినది. కేశవరాజుగారి అంజలి శర్వాణి 1997 లో జన్మించినది, ఉపాధ్యాయుని కుమార్తె. (ఈ మాట విన్నంతనే మా వారి మీసము కొంచెము లేచినదని చెప్పక తప్పదు.) ఎడమచేతితో వేగముగా బంతి వేయు నేర్పుగలది. ఆంధ్ర జట్టులో ఆడి, పిదప రైల్వే జట్టులో ఆడి, 2022 డిసెంబరు 9 వ తేదీన నవీ ముంబయిలో ఆస్ట్రేలియా జట్టుపై మొదటిసారి భారతదేశము పక్షమున బంతి పట్టెను. మూడు మాసములు తిరుగకముందే, 2023 ఫిబ్రవరి 13 వ తేదీన ముంబయిలో స్త్రీల ప్రీమియర్ లీగు మొదటి వేలము జరిగినది. యూపీ వారియర్స్ అను జట్టువారు 55 లక్షల రూపాయలకు ఆమెను తీసికొనిరి. ఆనాడామె ప్రపంచపు పోటీల జట్టుతో దక్షిణాఫ్రికాలో ఉన్నది. తన పేరు పిలువబడు వేళ సముద్రముల కావల నుండెనన్నమాట!

ఆ వేలపు తీరు వినుడు. జట్లు అయిదు. ఆనాడు ఒక్కొక్క జట్టునకు 12 కోట్ల రూపాయలకు మించి వ్యయము చేయరాదని నియమముండెను. 15 మందికి తక్కువగాను 18 మందికి మించియు తీసికొనరాదు. ధర పిలుచుచు సుత్తి కొట్టినది మల్లికా సాగర్ అను స్త్రీయే. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి యేమన, ఆటగత్తె తనంత తాను పేరు వ్రాసి ఈయనిదే ఆమె పేరు జాబితాలోనికి రాదు. తనకు కనీసపు ధర యెంతయో మొదటనే నిర్ణయమగును. దేశము పక్షమున ఆడినవారికి 30, 40, 50 లక్షలు. ఆడనివారికి 10, 20 లక్షలు. అంతకు తక్కువకు పిలువరాదు. ఇక అమ్ముడుపోవునది మనిషి కాదు, ఆ యేటి ఆట. ఆ మొదటి యేడు పోటీలన్నియు మార్చి 4 మొదలు 26 వఱకే.

ఇది విని మా మేనకోడలు, "చూచితివా, అత్తా! పేరు నేను వ్రాసి యిచ్చిననేగదా వారు పిలుచుట" యనెను. నిజమే. కాని పిలుపు తరువాత సంగతి వేఱు. దమయంతి యెదుట అయిదుగురు నలులు కూర్చుండిరి, ఎంచుకొన్నది ఆమె. ఇచట కూర్చున్న జట్లును అయిదే, ఎంచుకొనునది వారు. ఏ జట్టున ఆడవలెనో పిల్ల కోరుకొనుటకు లేదు. ఈ మాట దానితో అంటిని. అది ఊరకుండెను.

అమెరికాలో వేఱొక పద్ధతి కలదు. అచ్చటి ఫుట్‌బాలు పేరునకే కాలిబంతి. చేతబట్టి పరుగిడుటయే యెక్కువ. ఆ ఆటలో మేటివారందఱు కళాశాలల విద్యార్థులే. పూర్వము ధనికములై గెలుచుచుండు జట్లే మంచి పిల్లలనందఱిని లాగికొనుచుండగా, ఓడుచుండిన ఫిలడెల్ఫియా జట్టు యజమాని బెర్ట్ బెల్ 1935 లో ఒక యుపాయము చెప్పెను: అందఱికంటె వెనుకబడిన జట్టు మొదట ఎంచుకొనవలెను, గెలిచిన జట్టు కడపట. 1936 ఫిబ్రవరిలో ఆ ప్రకారము మొదటి యెంపిక జరిగెను. మొట్టమొదట పిలువబడినవాడు షికాగో విశ్వవిద్యాలయపు జే బెర్వాంగర్. అతడేమి చేసెననుకొందురు? అడిగిన జీతము కుదరనందున ఆ లీగులో ఒక్క ఆటయైన నాడక రబ్బరు వ్యాపారపు ఉద్యోగమున చేరెను! ఆ పద్ధతి నేటికిని నడచుచున్నది. ఇప్పుడు జట్లు 32, ఎంపిక 7 వరుసలు. ఉన్నత పాఠశాల విడిచి 3 సంవత్సరములు నిండనివానిని ముట్టరాదు. మన దేశమున 2014 లో ఆరంభమైన ఇండియన్ సూపర్ లీగు ఫుట్‌బాలు జట్లును మొదట స్వదేశపు ఆటగాండ్రను వరుస ప్రకారమే పంచుకొనిరి.

పిల్లను కళాశాలలో కొంతకాలము నిలుపు నియమము నాకు నచ్చినది. వేలము పాటలో ధర పెరుగును. వరుస పద్ధతిలో బలహీనునకు బలము చేకూరును. ఏది మేలో జట్లవారు తేల్చుకొందురుగాక. తల్లికి కావలసినది వేఱు: ఆట ముగిసిన పిదప పిల్ల గతి యేమి?

పూర్వము దీనికి ఉద్యోగము సమాధానముగా నుండెను. హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీంగారు బడిపంతులుగా ఉండి ఫుట్‌బాలు నేర్పిరి. వారు తీర్చిదిద్దిన భారత జట్టు 1956 లో మెల్బోర్న్ ఒలింపిక్సున 4 వ స్థానమును, 1962 లో జకార్తా ఆసియా క్రీడలలో బంగారు పతకమును గెలిచెను. హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తీర్చినవారును వారే. ఆ కాలమున బాగుగా ఆడువానికి దొరకునది లక్షలు కాదు, పోలీసు కొలువు. జీతము కొంచెమైనను నెలనెల వచ్చును; కాలు విఱిగినను ఇల్లు గడచును.

వేలమునకు ఆ జాలి లేదు. 2023 లో జాబితాకెక్కిన పేర్లు 409; చోటు దొరకినది 87 మందికి. తక్కినవారి యిండ్లలో ఆ సాయంకాలమెట్లు గడచినదో పత్రికలు వ్రాయవు. అంజలి మాటయే తీసికొనుడు. ఆ సంవత్సరమే ఆసియా క్రీడలకు ఎంపికయ్యెను. ఇంతలో గాయము తగిలి ఆగిపోవలసివచ్చెను. ఆమె స్థానమున వేఱొకతె పోయెను. ఆ సెప్టెంబరులో జట్టువారు బంగారు పతకముతో తిరిగివచ్చిరి. ఒడలే మూలధనమైన వృత్తి యిది. ఆ మూలధనమునకు ఏ బ్యాంకును పూచీ పడదు.

నేనిది చెప్పుచుండగా మా ఆడుబిడ్డ, "చూచితివా, నేనన్నదియు అదియే" యనెను. అపుడు మా వారు పత్రికను మడిచి, విశాఖపట్టణపు స్నేహదీప్తి సంగతి యెత్తిరి. ఆమె 2013 లోనే భారత జట్టున ఆడి, పెండ్లియై, బిడ్డతల్లియై, మరల బ్యాటు పట్టి, ఆ మొదటి వేలమున 30 లక్షలకు ఢిల్లీ జట్టున చేరెను. కడప మండలములలోని పల్లెటూరినుండి వచ్చిన శ్రీచరణిని 2024 డిసెంబరు వేలమున ఆ ఢిల్లీవారే 55 లక్షలకు తీసికొనిరి. అంజలికి పలికిన మొత్తమే అదియు. ఆమె 2025 నవంబరు 2 వ తేదీన ప్రపంచ కప్పు గెలిచిన భారత జట్టులో నుండెను. ఆ పోటీలలో 14 వికెట్లు తీసినది. అదే నెల వేలమున ధర 1 కోటి 30 లక్షలకు పెరిగెను.

"బిడ్డతల్లి యాడినదా, అన్నా?" అని మా ఆడుబిడ్డ యడిగినది. కోటి రూపాయల మాట ఆమె చెవికెక్కలేదు. మా వారు అవుననిరి.

కొంతసేపటికి ఆమె కూతురిని పిలిచి రెండు మాటలు తీసికొనెను: పట్టము పుచ్చుకొనువఱకు ఏ జాబితాలోను పేరు ఈయరాదు, ఏదైన కొలువునకు పరీక్ష వ్రాయుచునే యుండవలెను. పిల్ల మొదటిదానికి వెంటనే ఒప్పుకొనెను, రెండవదానికి కొంత గొణిగెను. సాయంకాలము బస్సుస్టాండువఱకు నేను సాగనంపబోతిని. ఎమ్మిగనూరు బస్సు కదలుచుండగా కిటికీలోనుండి చేయి చాచి నా చేతిలో మడిచిన నోట్లు పెట్టుచు, "దాని బూట్ల అడుగులు అరిగిపోయినవి, వదినె. చూడలేదా?" యనెను.