పొగ పోయే వంటిల్లు, వెలుగునిచ్చే గోడ



పంట ఇంటికి వచ్చింది. ధాన్యం అమ్మగా చేతిలో నాలుగు రూపాయలు ఆడుతున్నాయి. సంక్రాంతి ముందర గోడలకు వెల్లవేసే అలవాటు మనకు ఎలాగూ ఉన్నదే. "ఈ ఏడాది వంటిల్లు కూడా కాస్త బాగుచేయించి, మంచి రంగు వేయిద్దాం" అని ఇంట్లో మాట వచ్చి ఉంటుంది. చాలా మంచి మాట. అయితే పనికి పూనుకునే ముందు ఇంటి యజమానికి నాదొక మనవి. ఒక్క పూట, వంట మొదలైన దగ్గరనుంచి అన్నం వార్చేదాకా, మీరు కూడా ఆ పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చోండి. కళ్లు మండుతాయా? దగ్గు వస్తుందా? బియ్యంలో రాయి కనిపిస్తుందా, లేక పట్టపగలు దీపం వెలిగించాలా? నీళ్లకోసం ఇల్లాలు ఎన్నిసార్లు లేచి పెరట్లోకి వెళ్లింది? ఇవన్నీ లెక్కపెట్టుకోండి. ఆ తరువాత రంగు సంగతి మాట్లాడుకుందాం.

నేను చూసిన ఒక ఇంటి సంగతి చెబుతాను. కట్టెల పొయ్యి, చిన్న కిటికీ. గోడలు నల్లగా మసిబారిపోయాయి. యజమాని ఆలోచించి, మసి కనబడకుండా ఉంటుందని గోడల నిండా ముదురు ఆకుపచ్చ నూనెరంగు వేయించాడు. చుట్టాలు వచ్చి చూసి బాగుందన్నారు. కోడలు మాత్రం మెల్లిగా, "గోడమీద మసి కనబడటం లేదు గాని మామయ్యగారూ, నా కళ్లల్లో మంట మాత్రం అలాగే ఉందండీ" అన్నదట. ఆ అమ్మాయి మాటలో మొత్తం విషయమంతా ఉంది. రంగు మసిని దాచగలదు, పొగను దాచలేదు. పైగా ముదురు గోడలవల్ల ఉన్న కాస్త వెలుతురూ పోయి, ఆ ఇంట్లో మధ్యాహ్నం కూడా బల్బు వెలిగించవలసి వచ్చింది.

కనుక పనికి ఒక వరుస పెట్టుకోవాలి. మొదట పొగ, తరువాత గాలీ వెలుతురూ, ఆ తరువాత గట్టూ నీళ్లూ, చివరకు రంగు.

ముందు పొగ సంగతి. కట్టెలు, పిడకలు, పత్తి కట్టె కాలినప్పుడు వచ్చే పొగ కళ్లకు మంట పుట్టించి ఊరుకోదు. ఏళ్ల తరబడి పీల్చినవారికి తగ్గని దగ్గు, ఆయాసం వస్తాయి. కంటిశుక్లాలు రావడానికీ ఇదొక కారణం. తల్లి చంకలో ఉండే పసిబిడ్డకు న్యుమోనియా ప్రమాదం పెరుగుతుంది. అందువల్ల వంటింటి మరమ్మతు అంటే అందం కోసం చేసే పని అనుకోకండి. అది ఇంటిల్లిపాది ఆరోగ్యానికి చేసే వైద్యం.

ఈ సమస్యను మనవాళ్లు ఎప్పుడో పట్టించుకున్నారు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలలో డాక్టరు ఎస్.పి. రాజుగారు పొగలేని పొయ్యిని రూపొందించి, లక్షలాది కుటుంబాలకు పొగలేని వంటిళ్లు ఎలా సాధ్యమో వివరిస్తూ 1953లో ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం ప్రచురించారు. అందులోని కిటుకు మన పాత పొంతపొయ్యిలో ఉన్నదే. పొయ్యిలో మంట ఒక గిన్నె కింద మండుతుంది. ఆ వేడిగాలి వృథాగా పోకుండా లోపలి దారిగుండా పక్కనున్న రెండో గిన్నె కిందికి పోతుంది. చివరకు పొగ గొట్టంగుండా ఇంటి కప్పు మీదికి వెళ్లిపోతుంది. తరువాత 1980లలో కేంద్ర ప్రభుత్వం కూడా మెరుగైన పొయ్యిల కార్యక్రమాన్ని దేశమంతటా నడిపింది.

మరి అంత మంచి పొయ్యిలు చాలా ఇళ్లల్లో ఎందుకు మూలపడ్డాయి? గొట్టంలో మసి పేరుకుంటే దులిపేవారు లేకపోయారు. పొయ్యి కన్నం ఒక కొలత, ఇంట్లో గిన్నె మరొక కొలత. గిన్నెకూ కన్నానికీ మధ్య సందు ఉంటే పొగ గొట్టంలోకి పోకుండా గదిలోకే వస్తుంది. కాబట్టి పొయ్యి కట్టేవాడి ముందు మీ ఇంట్లో రోజూ వాడే గిన్నెలు పెట్టి, వాటికి సరిపోయేటట్టు కన్నాలు చేయించండి. గొట్టం కప్పుకంటే రెండు మూడు అడుగులు పైకి ఉండాలి. వాన పడకుండా పైన టోపీ ఉండాలి. నెలకొకసారి మసి దులపాలి. గొట్టానికి ఆస్‌బెస్టాస్ వాడవద్దు, దాని నుసి ఊపిరితిత్తులకు చెరుపు. మట్టి గొట్టం గాని, ఇనుప రేకు గొట్టం గాని చాలు. తాటాకు ఇల్లు గాని, గడ్డి కప్పు గాని అయితే గొట్టాన్ని కప్పులోనుంచి తీయనే తీయవద్దు, నిప్పురవ్వ పడితే కొంప కాలుతుంది. అటువంటివారు పెరటివైపు వేరుగా రేకుల వసారా దింపి, పొయ్యి అక్కడికి మార్చుకోవడం మేలు.

"మాకు గ్యాస్ ఉందండీ, ఇదంతా మాకెందుకు?" అని మీరు అడగవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో కేంద్రం ఉజ్జ్వల పథకం తెచ్చింది. వీటివల్ల ఎన్నో ఇళ్లకు గ్యాస్ పొయ్యి వచ్చిన మాట నిజమే. పొగ విషయంలో గ్యాస్‌కు కట్టెల పొయ్యి ఏనాటికీ సాటిరాదు, గొట్టం ఉన్నా సరే. కాని నీళ్లు కాగబెట్టడానికీ, పశువులకు ఉలవలు ఉడకవేయడానికీ ఇంకా కట్టెలు వాడుతూనే ఉన్నాం కదా! ఆ రెండో పొయ్యిని బయట వసారాలో పెట్టుకోండి. గ్యాస్ సిలిండరు ఉన్న గదిలో కట్టెల మంట ఉండకూడదు. ఇంకొక మాట. వంటగ్యాస్ గాలికంటే బరువైనది. కారితే పైకి పోదు, నేలబారున పేరుకుంటుంది. అందుకని గోడ అడుగున, నేలకు దగ్గరగా, బయటికి పోయేటట్టు ఒక జాలీ పెట్టించాలి. సిలిండరు ఎప్పుడూ నిలువుగానే ఉండాలి. పొయ్యి సిలిండరుకంటే ఎత్తులో, గట్టుమీద ఉండాలి.

ఇక గాలి, వెలుతురు. వంటింటికి కనీసం ఒక చదరపు మీటరు, అంటే ఇంచుమించు మూడుంబావు అడుగుల పొడవు, అంతే వెడల్పు గల కిటికీ కావాలి. ఎదుటి గోడకు పైన, కప్పు కింద, ఒక గవాక్షం పెడితే కిటికీలోనుంచి వచ్చిన గాలి వేడిని తీసుకుని పైనుంచి వెళ్లిపోతుంది. పెంకుటిల్లయితే మరీ సులువు. నాలుగు పెంకులు తీసి గాజు పెంకులు పెట్టించండి, గది తెల్లవారినట్టు ఉంటుంది. గ్యాస్ పొయ్యిని మాత్రం కిటికీకి సూటిగా పెట్టకండి, గాలికి మంట ఆరిపోయి గ్యాస్ కారే ప్రమాదం ఉంది.

మూడోది గట్టు. నిలబడి వంటచేసే గట్టు ఎత్తు మేస్త్రీ చెప్పేది కాదు, వంటచేసే మనిషి చెప్పేది. ఆమెను నిలబెట్టి మోచేయి వంచమనండి. మోచేతికి నాలుగైదు అంగుళాలు కింద గట్టు పైభాగం రావాలి. మన ఇళ్లల్లో ఇది మామూలుగా 30 నుంచి 33 అంగుళాల మధ్య పడుతుంది. అంతకంటే ఎత్తయితే భుజాలు లాగుతాయి, తక్కువైతే నడుము పట్టేస్తుంది. కింద కూర్చుని వండే పెద్దలు ఇంట్లో ఉంటే వారిని బలవంతపెట్టకండి, వారికోసం ఒక మూల తక్కువ అరుగు ఉంచండి.

గట్టుకు కడప బండ, నేలకు తాండూరు బండో, బేతంచెర్ల బండో మనకు దగ్గరలో దొరికేవే. గట్టి రాళ్లు. కాని ఇవన్నీ సున్నపురాయి జాతి. చింతపండు పులుసు, నిమ్మరసం ఒలికి అలాగే ఉండిపోతే మచ్చపడుతుంది, నునుపు పోతుంది. ఒలికిన వెంటనే తడిగుడ్డతో తుడిచేయాలి. పొయ్యికి నీళ్ల కుళాయికి మధ్య రెండడుగుల ఖాళీ గట్టు ఉంటే కూర తరుక్కోవడానికి వీలుగా ఉంటుంది. గిన్నెలు తోమిన నీరు గోడపక్కన నిలవనివ్వకండి. తూము తీసి పెరట్లో అరటిచెట్టు మొదలుకో, ఇంకుడు గుంతకో చేర్చండి. గోడకు చెమ్మ ఎక్కిందంటే ఎంత ఖరీదైన రంగైనా పొరలు పొరలుగా రాలిపోతుంది.

ఇప్పుడు రంగు దగ్గరకు వచ్చాం. తెల్ల సున్నం వేసిన గోడ తనమీద పడిన వెలుతురులో ముప్పాతిక వంతు పైగా తిరిగి గదిలోకే పంపుతుంది. ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ, ఇటుక రంగు వంటివి చాలా తక్కువే పంపుతాయి. మిగతాదంతా మింగేస్తాయి. అంటే తెల్లగోడ మీకు ఉచితంగా ఇంకొక కిటికీ పెట్టినట్టన్నమాట. పైగా లేతరంగు గోడమీద బొద్దింక పాకినా, తేలు కనిపించినా, పొగ మళ్లీ మొదలైనా వెంటనే తెలుస్తుంది. మసి కనబడటం గోడ తప్పు కాదండీ. గొట్టం దులపమని గోడ మనకు చెప్పే కబురు అది.

మట్టిగోడలకూ, పాత సున్నపు గోడలకూ సున్నాన్ని మించినది లేదు. అది గోడలోని చెమ్మను బయటికి పోనిస్తుంది. ప్లాస్టిక్ ఎమల్షన్ రంగు అటువంటి గోడకు వేస్తే చెమ్మ లోపలే ఉండి బుడగలు లేస్తాయి. సున్నం తయారీకి కొలత ఇది. 5 కిలోల మంచి రాతి సున్నానికి 25 లీటర్ల నీళ్లు. సున్నం ఉడికేటప్పుడు పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, కంట్లో పడితే చూపుకే ముప్పు. ఒక రోజంతా నాననిచ్చి పలుచని గుడ్డలో వడగట్టండి. వేడినీళ్లలో కరిగించిన తుమ్మజిగురు 100 గ్రాములు కలపండి, చేతికి అంటకుండా ఉంటుంది. తెల్లదనానికి చిటికెడు నీలిమందు. మొదటి పూత నిలువుగా, అది ఆరాక రెండోది అడ్డంగా వేయాలి. కొత్తగోడకు మూడు పూతలు కావాలి. తడిమీద పలుచగా కనబడుతుంది, కంగారుపడి చిక్కగా వేయకండి. ఆరిన కొద్దీ తెల్లబడుతుంది.

లేత రంగు కావాలనుకుంటే సున్నంలో మట్టిరంగులే కలపాలి. పసుపు కలపవచ్చుగదా అంటారేమో! పసుపులో సున్నం పడితే పారాణి అవుతుందని మన ఇళ్లల్లో ఆడపిల్లలందరికీ తెలుసు. గోడ కూడా అంతే, పచ్చగా ఉండదు, ఎర్రబడుతుంది.

సిమెంటు గోడలైతే ఎమల్షన్ వేసుకోవచ్చు, తడిగుడ్డతో తుడవడానికి వీలు. అయితే పాత సున్నం మీద వేయకూడదు. సున్నం పొడిరాలితే దానితోపాటే రంగూ ఊడుతుంది. పూర్తిగా గీకి, కడిగి, ఆరనిచ్చి, తరువాతే వేయాలి. ఏ రంగు వేసినా ముందు మసీ జిడ్డూ పోగొట్టాలి. చీపురుతో దులిపి, చాకలి సోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, మంచినీళ్లతో మళ్లీ కడగండి. అలా చేయకపోతే మసి మరక కొత్త రంగులోనుంచి పచ్చగా పైకి తేలుతుంది. పొయ్యి వెనక గట్టుమీద రెండడుగుల ఎత్తున పెంకు పలకలు అతికిస్తే పోపు చిందినా భయం లేదు.

ఏ రంగు ఎక్కడ? వెలుతురు తక్కువైన గదికి తెలుపు, మీగడరంగు. పడమటి ఎండ పడి వేడెక్కే గదికి లేత నీలమో, లేత ఆకుపచ్చో కంటికి చల్లగా ఉంటుంది. కప్పు అడుగున మాత్రం ఎప్పుడూ తెలుపే. డబ్బామీద చూసి నిర్ణయించకండి. గోడమీద చేటంత మేర వేసి, ఆరాక పొద్దున ఒకసారి, దీపాలవేళ ఒకసారి చూడండి.

నూనెరంగు డబ్బా కొనేటప్పుడు సీసం సంగతి చూడాలి. సీసం పసిపిల్లల మెదడుకు హానిచేస్తుంది. ఇంటి రంగుల్లో పదిలక్షల భాగాలకు 90 భాగాలకు మించి సీసం ఉండరాదని కేంద్ర ప్రభుత్వం 2016లో చేసిన నియమం 2017 నవంబరు నుంచి అమలులో ఉంది. డబ్బామీద ఆ మాట రాసి ఉన్నదే కొనండి. పాత నూనెరంగు గీకవలసి వస్తే తడిపి గీకండి, పొడి లేవనివ్వకండి, ఆ పెచ్చులు పిల్లల చేతికి అందనివ్వకండి.

డబ్బు చాలదంటారా? అయితే ఈ ఏడాది పొగగొట్టం, నాలుగు గాజు పెంకులు, రెండు పూతల సున్నం. అంతే చేయండి. గట్టు వచ్చే ఏడాది, పలకలు ఆ పై ఏడాది. ముందు ఖరీదైన రంగు వేసి, తరువాత గొట్టానికి గోడ పగలగొట్టే పని మాత్రం పెట్టుకోకండి.

గ్రామాల్లో తిరిగే కార్యకర్తలకు ఒక్క మాట. కొలతలు యజమానితో కాదు, వంటచేసే అమ్మతో మాట్లాడి రాసుకోండి. ఊళ్లో ఒక ఇల్లు సరిగా చేయించి, నలుగురు ఆడవాళ్లను పిలిచి అక్కడే వంట చేయించండి. మన ఉపన్యాసం చెప్పలేనిది ఆ వంటిల్లు చెబుతుంది.

పని ముగిశాక, యజమానిగారూ, మళ్లీ ఆ పీట వేసుకుని ఒక్క పూట కూర్చోండి. మీ కళ్లు మండకపోతే, ఇల్లాలి మొహం మీకు స్పష్టంగా కనిపిస్తే, మీ రూపాయి దండగ కాలేదన్నమాట.