పాత కారు సస్పెన్షన్ బుష్‌లు ఇంట్లోనే మార్చొచ్చా? ఈ ఒక్క స్టెప్ మాత్రం మిస్ కావద్దు!

స్పీడ్ బ్రేకర్ దిగగానే ముందు చక్రం దగ్గర 'టక్'మని సౌండ్ వస్తోందా? బ్రేక్ వేస్తే కారు ఓ పక్కకు లాగుతోందా? పదేళ్లు దాటిన హ్యాచ్‌బ్యాక్ అయితే లోయర్ ఆర్మ్ బుష్‌లను కూడా అనుమానించాల్సిందే. ఆర్మ్‌ను కారు ఫ్రేమ్‌కు బిగించే చోట ఉండే ఈ రబ్బరు భాగాలు వయసుతో, వేడితో, ఆయిల్ తగిలి పగిలిపోతాయి.

చెక్ చేయడం ఎలా?
చదునైన నేలపై కారును జాక్ స్టాండ్‌ల మీద నిలపండి. ఆర్మ్‌ను రాడ్‌తో కదుపుతూ ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి. రబ్బరు పగుళ్లు, అదనపు కదలిక క్లియర్‌గా కనిపిస్తాయి.

మార్చడం ఎలా?
పాత బుష్ ఊడాలంటే ప్రెస్ కావాలి. అది లేకపోతే బుష్‌లతో సహా వచ్చే కొత్త ఆర్మ్ కొనడం బెటర్. విప్పే ముందు ఫొటోలు తీసుకోండి. కొన్ని బుష్‌లను ఒకే దిశలో పెట్టాలి.

అసలు పాయింట్ ఇదే
చక్రం వేలాడుతున్నప్పుడు ఆర్మ్ బోల్టులను ఫుల్ టైట్ చేయకండి. బోల్టు బిగిస్తే బుష్ లోపలి గొట్టం కదలదు, దానికి అతుక్కున్న రబ్బరే మెలి తిరుగుతుంది. గాల్లో బిగిస్తే కారు కిందికి దించాక రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది, కొత్త బుష్ కూడా త్వరగా చిరుగుతుంది. అందుకే ఆర్మ్ చివర జాక్ పెట్టి, కారు బరువు దానిపై పడేదాకా లేపి, సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కు బిగించండి. తర్వాత వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి.

మా మాట
స్టాండ్‌లు, టార్క్ రెంచ్ లేవా? మెకానిక్‌కే ఇచ్చేయండి. కానీ ఫైనల్ టైట్ ఎప్పుడు చేస్తున్నారో దగ్గరుండి చూడండి!