నిశ్శబ్దానికి వెల ఆరు డిగ్రీలు
వేసవి సైకిలు యాత్రకు మదనపల్లె, పుంగనూరు, కుప్పం కొండసీమ

వేసవి సెలవుల్లో కొండ ప్రాంతానికి వెళ్లి సైకిలు తొక్కే అలవాటు తెలుగు నేలకు ఇంకా కొత్తదే. అయితే అలా వెళ్లదలచినవారికి ఎదురయ్యే మొదటి ప్రశ్న మాత్రం యాత్రలంత పాతది: పేరు మోసిన చోటికి వెళ్లి అక్కడి సదుపాయాలతో పాటు జనసమ్మర్దాన్నీ భరించడమా, లేక సదుపాయాలు తక్కువైనా ప్రశాంతంగా ఉండే చోటును వెతుక్కోవడమా? యూరప్‌లోని ఆల్ప్స్ పర్వతాల్లో ఏటా వేలాది మంది సైక్లిస్టులు ఎదుర్కొనే ఈ ప్రశ్నకు, ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి అంచున ఉన్న మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు తమదైన జవాబు ఇవ్వగలవు.

మౌంటెన్ బైక్ అంటే రోడ్డు లేని చోట కూడా నడిచేలా తయారైన సైకిలు. నేలను పట్టుకునే గుబ్బలున్న వెడల్పాటి టైర్లు, గతుకుల దెబ్బను తాను మింగి చేతులకు అందనీయని సస్పెన్షన్, నిటారు ఎక్కుడులో కాలికి బరువు తెలియనీయని చిన్న గేర్లు, చక్రం నడిమి ఇరుసు దగ్గర బిగించిన పళ్లేన్ని ఒత్తి ఆపే డిస్క్ బ్రేకులు దీనికి ప్రధాన లక్షణాలు. అమెరికాలోని కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఉన్న మెరిన్ కొండల్లో 1970లలో కొందరు యువకులు పాత సైకిళ్లకు మార్పులు చేసి మట్టిబాటల్లో పందేలు వేసుకోవడంతో ఊపందుకున్న ఈ క్రీడ, 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో చోటు సంపాదించుకుంది.

ఆల్ప్స్‌లో జరుగుతున్నది

ఆల్ప్స్‌లో రిసార్టు అంటే ఒక్క హోటలు కాదు. చలికాలంలో మంచు మీద జారే స్కీయింగ్ ఆటను నమ్ముకుని పెరిగిన మొత్తం ఊరు. మంచు కరిగాక అక్కడి తీగమార్గాలు (రోప్‌వేలు) ఖాళీగా ఉండకుండా, వేసవిలో మనుషులతో పాటు సైకిళ్లనూ కొండపైకి చేరవేస్తాయి, పైకి చేరినవారు ముందే గుర్తించిన బాటల్లో కిందికి దిగుతారు. ఆ బాటలకు కష్టాన్ని బట్టి ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు రంగులు కేటాయించడం వల్ల ఎవరి శక్తికి ఏది తగునో కొత్తవారికి సైతం తెలుస్తుంది. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ సరిహద్దుకు ఇరువైపులా 12 రిసార్టులను కలిపిన పోర్ట్ ద్యు సొలే అనే సీమ ఈ ఏర్పాటుకు పేరెన్నికగన్నది, అందులోని లే జే అనే ఊరు 2004లోనూ 2022లోనూ ప్రపంచ మౌంటెన్ బైక్ పోటీలకు ఆతిథ్యమిచ్చింది.

పేరు పెరిగిన చోట రద్దీ, రద్దీ పెరిగిన చోట ఆంక్షలు తప్పవు. ఫ్రాన్స్‌లోని షమొని లోయలో జూలై, ఆగస్టు నెలల్లో నడిచేవారి తాకిడి వల్ల చాలా కాలిబాటలపై సైకిళ్లను అనుమతించరు. సెలవు దొరికే నెలల్లోనే బాట దొరకదన్నమాట. ఇందుకు భిన్నంగా ఆస్ట్రియాలోని పర్వతారోహణ సంఘం 2008లో కొన్ని చిన్న గ్రామాలను ఎంచి, పెద్ద కట్టడాలకు దూరంగా ఉండడమే వాటి విశిష్టతగా చాటుతూ, 'పర్వతారోహకుల పల్లెలు' అనే అర్థం వచ్చే పేరు పెట్టింది.

దక్షిణాదిలోనూ పరిస్థితి ఇదే. వేసవిలో ఊటీకి, కొడైకెనాల్‌కు వెళ్లే వాహనాలు అంతకంతకూ పెరగడంతో, మద్రాసు హైకోర్టు ఆదేశాల మేరకు 2024 మే 7 నుంచి ఈ-పాస్, అంటే ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రవేశ పత్రం, తప్పనిసరి అయింది. బెంగళూరు సైక్లిస్టులు వ్యాయామానికి ఎంచుకునే నంది కొండ కూడా శని, ఆదివారాల్లో వాహనాలతో కిక్కిరిసి ఉంటుంది.

ఏనుగు మల్లమ్మ కొండ

నంది కొండకు తూర్పుగా మదనపల్లెకు చేరువలో ఉన్న హార్స్‌లీ హిల్స్ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగుల సంరక్షణలో పెరిగిన మల్లమ్మ అనే బాలిక కొండవాసుల జబ్బులు నయం చేసేదని, ఒకనాడు అదృశ్యమై దేవతగా పూజలందుకుందని స్థానిక గాథ. ఆమె గుడి ఇప్పటికీ కొండ మీద ఉంది. అప్పట్లో మదనపల్లె కడప జిల్లాలో ఉండేది కాబట్టి, ఆ జిల్లా కలెక్టరు డబ్ల్యు.డి.హార్స్‌లీ ఈ కొండ చల్లదనానికి ముచ్చటపడి 1870 ప్రాంతంలో ఇక్కడ వేసవి విడిది కట్టించుకున్నాడు, క్రమంగా కొండకు అతని పేరే స్థిరపడింది.

ప్రశాంతతను కోరి ఈ సీమకు రావడం హార్స్‌లీతో ఆగలేదు. క్షయకు మందు లేని రోజుల్లో మంచి గాలి, విశ్రాంతి, పోషకాహారమే చికిత్స గనుక, మదనపల్లె పక్కన క్షయ రోగుల ఆరోగ్యకేంద్రం 1915లో మొదలైంది, ఆ చోటుకు ఆరోగ్యవరం అనే పేరు వచ్చింది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో బస చేసి 'జన గణ మన'ను ఇంగ్లీషులోకి అనువదించాడు. మదనపల్లెలోనే 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి ఆశయాలతో ఏర్పడిన ఋషివ్యాలీ పాఠశాల ఈ కొండల నడుమ లోయలోనే ఉంది. బోడిగా ఉన్న ఆ లోయను చెట్లతో నింపాక పక్షులు తిరిగి వచ్చాయి, 1991లో దాన్ని పక్షుల రక్షిత స్థలంగా ప్రకటించారు.

డిగ్రీల లెక్క

హార్స్‌లీ హిల్స్ సముద్ర మట్టానికి సుమారు 1,265 మీటర్ల ఎత్తున ఉంటే మదనపల్లె దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు 1,000 మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుందన్న వాతావరణ సూత్రం ప్రకారం, కొండ పైభాగం ఊరికంటే మూడున్నర నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉండాలి. ఊరే ఎత్తున ఉంది కనుక తిరుపతి వంటి దిగువ ప్రాంతాల నుంచి వచ్చేవారికి తేడా ఏడు డిగ్రీల దాకా ఉండి, మొదటి శ్వాసలోనే తెలుస్తుంది.

అయినా ఇది ఊటీ చలి కాదు. సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉన్న ఊటీ హార్స్‌లీ కంటే మరో 975 మీటర్లు పైన ఉంది, అంటే అదే సూత్రం ప్రకారం ఇంకో ఆరు డిగ్రీలకు పైగా చల్లన. నిశ్శబ్దం కోసం హార్స్‌లీని ఎంచుకున్నవారు చెల్లించే వెల ఆ ఆరు డిగ్రీలే. మే నెలలో ఇక్కడ కూడా నడి మధ్యాహ్నం ఎండ ఎండే కాబట్టి, తెల్లవారుజామున బయలుదేరి పొద్దెక్కేలోగా సవారీ ముగించి, ఎండ పూట చెట్టు నీడకు వదిలేసే దినచర్యకు సిద్ధపడినవారికి ఈ వెల భారం కాదు. సాయంత్రం మబ్బు పట్టి ఉరిమితే గాలి బండ వంటి ఎత్తైన రాతి చట్టుల మీద నిలబడకుండా వెంటనే దిగిపోవడం మేలు, ఎందుకంటే పిడుగు ఎత్తుగా ఉన్నదాన్నే వెతుక్కుంటుంది.

ఎక్కుడు, దిగుడు, గరుసు

ఆల్ప్స్‌కు, ఇక్కడికి ఉన్న పెద్ద తేడా తీగమార్గం లేకపోవడం. పైకి చేరాలంటే ఘాట్ రోడ్డు మీద సొంత కాళ్లతో తొక్కాలి, లేదా వాహనంలో సైకిలు వేసుకుని వెళ్లాలి. ఎక్కడానికి కావలసింది ఓపిక, దిగడానికి కావలసింది నిగ్రహం. మనిషి, సైకిలు కలిసి 85 కిలోల బరువుండి 500 మీటర్ల ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి, ఒక లీటరు నీటిని మామూలు వేడి నుంచి మరిగే దాకా తీసుకెళ్లడానికి సరిపోయి ఇంకా మిగులుతుంది. గాలి నిరోధం కొంత తీసుకోగా మిగతాది బ్రేకుల్లోనే వేడిగా మారుతుంది గనుక, బ్రేకును ఏకబిగిన నొక్కి ఉంచకుండా మలుపుకు ముందు గట్టిగా పట్టి, తరువాత వదిలి చల్లారనివ్వాలి. ఎదురుగా ఆర్టీసీ బస్సు ఎప్పుడైనా రావచ్చు కాబట్టి, కనిపించని ప్రతి మలుపులోనూ ఎడమ పక్కకు ఒదిగి ఉండాలి.

తారు రోడ్డు దిగి బాట పట్టగానే నేల స్వభావం మారుతుంది. ఈ సీమ కొండలు గ్రానైటు రాతివి. రాయి కోట్లాది సంవత్సరాల ఎండావానలకు పొడిపొడిగా రాలగా ఏర్పడిన ముతక రేణువుల నేలను ఇక్కడివారు గరుసు అంటారు. వట్టి బండ మీద టైరు చక్కగా పట్టుకుంటుంది గాని, బండ మీద పలచగా గరుసు పరుచుకుని ఉంటే ఆ రేణువులు చక్రం కింద గోళీల్లా దొర్లుతాయి. అలాంటి చోట ముందు బ్రేకు గట్టిగా పడితే చక్రం పక్కకు జారుతుంది. గరుసు చేరకముందే వేగం తగ్గించుకుని, దాని మీద బరువును వెనక్కి నెట్టి, రెండు బ్రేకులూ మెల్లగా మాత్రమే పట్టాలి.

టైరుకు మరో శత్రువు పల్లేరు. నేల మీద పాకే ఈ చిన్న మొక్క కాయ ఎలా పడినా దాని ముల్లు ఒకటి పైకే నిలుస్తుంది కనుక, చెప్పు అడుగునే గుచ్చే ఆ కాయకు సైకిలు ట్యూబు ఒక లెక్క కాదు. పొలం గట్ల వెంట సర్కారు తుమ్మ ముళ్లు దీనికి తోడు. అందువల్ల ట్యూబు లేకుండా లోపల జిగురు ద్రవం పోసిన టైర్లు వాడడం ఇక్కడ విలాసం కాదు, అవసరం. ముల్లు దిగగానే ఆ ద్రవం రంధ్రంలోకి చేరి గడ్డకట్టి గాలి పోకుండా మూసేస్తుంది. ఊరి పంచరు షాపుల్లో మోటారు సైకిలు ట్యూబులకు కొదవ ఉండదు గాని, గేర్ల సైకిలుకు సరిపడే సామాను వెంట తెచ్చుకోవడమే క్షేమం.

పుంగనూరు డొంకలు, కుప్పం అడవులు

కొండ ఎక్కే సత్తువ ఇంకా రానివారికి, పిల్లలతో వచ్చేవారికి పుంగనూరు చుట్టుపక్కల పీఠభూమి అనువైనది. పొలాల మధ్య బండ్లు, పశువులు తిరగడానికి వదిలిన డొంకలు, చెరువు కట్టలు, మామిడి తోటల పక్క మట్టిదారులు నిటారు ఎక్కుళ్లు లేకుండా సాగుతాయి. మీటరు ఎత్తైనా లేని పొట్టి ఆవులకు ప్రసిద్ధి చెందిన సీమ ఇది. ఆవులైనా గొర్రెల మంద అయినా ఎదురైనప్పుడు గంట కొట్టి బెదరగొట్టకుండా సైకిలు దిగి పక్కన నిలబడితే, కాపరితో మాటా కలుస్తుంది, దారీ తెలుస్తుంది. మదనపల్లె వైపు ప్రధాన రహదారులపై మాత్రం వేసవి నెలల్లో మార్కెట్‌కు వెళ్లే టమోటా లారీల రాకపోకలు ఎక్కువ కాబట్టి, వాటిని తప్పించుకుని పల్లెదారులనే పట్టుకోవడం మంచిది.

కుప్పానికి ఉన్న అనుకూలత రైలు. చెన్నై, బెంగళూరు మార్గంలో ఉన్నందువల్ల సైకిలును పార్సిలుగా వేసుకుని నేరుగా ఇక్కడ దిగవచ్చు. తెలుగు, తమిళం, కన్నడం ఒకే వీధిలో వినిపించే ఈ మూడు రాష్ట్రాల కూడలికి, పాలారు నది కర్ణాటక నుంచి ఆంధ్రలో కొద్ది దూరం ప్రవహించి తమిళనాడుకు పోయే దారికి దగ్గరగా ఉండడం దీని ప్రత్యేకత.

అయితే ఇక్కడి నిశ్శబ్దం వేరు రకం. పలమనేరు, కుప్పం అడవుల్లోకి 1980లలో పొరుగు రాష్ట్రాల నుంచి ఏనుగులు వలస రాగా, వాటి కోసం 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఏనుగులు పంటల మీద పడడం రైతులకు ఏళ్ల తరబడి తీరని బాధ కావడంతో, అడవి ఏనుగులను మళ్లించేలా శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను ఆంధ్రప్రదేశ్ 2025లో కర్ణాటక నుంచి తెచ్చుకుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ప్రవేశించడం నేరం. చప్పుడు లేకుండా వేగంగా వచ్చే సైకిలు ఏనుగుకు అలికిడి ఇవ్వదు, ఏనుగు కూడా ఆకుల చాటున నిలబడితే పది అడుగుల దూరంలోనూ కనబడదు. అందువల్ల కుప్పంలో సైకిలు తొక్కదలచినవారు అడవిని వదిలి ఊళ్ల మధ్య దారులకే పరిమితం కావాలి, ఏనుగులు కదిలే వేకువ, సాయంసంధ్య వేళల్లో అడవి అంచు రోడ్ల జోలికి పోకూడదు.

ఎంచుకునే తీరు

ఆల్ప్స్‌లో రంగు గుర్తు చేసే పనిని ఇక్కడ సైక్లిస్టు తానే చేసుకోవాలి: కొత్త బాటను మొదట నడిచి చూసి, ఎక్కడ దిగాలో గుర్తుపెట్టుకుని, తరువాతే సైకిలు ఎక్కాలి. హార్స్‌లీ కొండ మీద పర్యాటకాభివృద్ధి సంస్థ హరిత విడిది ఉంది గనుక బసకు లోటు లేదు, అయితే వారాంతాల్లో బెంగళూరు, తిరుపతి కార్లు ఇక్కడికీ వస్తాయి. సోమవారం నుంచి గురువారం లోపు రోజులు చూసుకుంటే అదే కొండ వేరుగా ఉంటుంది. అటవీ బాట ఏదైనా అటవీ శాఖను అడిగే పట్టాలి. వర్షానికి మెత్తబడిన బాటలో చక్రం చేసిన గాడి తరువాతి వానకు కాలువ అవుతుంది కాబట్టి, వాన వెలిసిన మర్నాడు తారు రోడ్డుకే పరిమితం కావడం బాటకు చేసే మేలు.

జనం ఎక్కువైన చోట సదుపాయాలు చూసుకోవడానికి, దారి చూపడానికి, ప్రమాదం జరిగితే ఆదుకోవడానికి ఎవరో ఒకరు ఉంటారు. జనం తక్కువైన చోట ఆ పనులన్నీ వచ్చినవారి మీదే పడతాయి. తాగునీరు మోసుకోవడం, పంచరు వేసుకోవడం, ప్లాస్టిక్ సీసాను తిరిగి కిందికి తెచ్చుకోవడం, మందకు దారి ఇవ్వడం నిశ్శబ్దానికి ఆరు డిగ్రీలతో పాటు చెల్లించవలసిన మిగతా వెల. అంత వెల ఇవ్వడానికి సిద్ధపడినవారికి ఏనుగు మల్లమ్మ కొండ మీద తెల్లవారు గాలి ఈ-పాస్ లేకుండానే దొరుకుతుంది.