మారథాన్ పరుగు: ఎండ, ఎత్తు, పల్లం

1904 ఆగస్టు 30వ తేదీన అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో ఒలింపిక్ మారథాన్ పందెం జరిగింది. అది మధ్యాహ్నం వేళ. ఎండ సుమారు 32 డిగ్రీల సెంటీగ్రేడు. దారి పొడవునా దుమ్ము. త్రాగునీరు దొరికే చోట్లు బహు కొద్ది. బయలుదేరిన 32 మందిలో గమ్యం చేరినవారు 14 మంది మాత్రమే. నూట పదిహేనేండ్ల తరువాత, 2019లో, దోహా నగరంలో ప్రపంచ పోటీలు జరిగినప్పుడు ఎండను తప్పించడానికి స్త్రీల మారథాన్‌ను అర్ధరాత్రి ప్రారంభించారు. అయినా 68 మందిలో 28 మంది మధ్యలోనే ఆగిపోయారు. సూర్యుడు లేనివేళ వీరిని ఓడించినదేమిటి?

ఈ ప్రశ్నకు సమాధానం తెలియాలంటే వేగానికీ, శ్రమకూ గల భేదాన్ని ముందుగా గ్రహించాలి. ఒక యువకుడు చల్లని ఉదయాన కిలోమీటరుకు 5 నిమిషాల చొప్పున సుఖంగా పరుగెత్తుతున్నాడనుకుందాం. అదే వేగంతో మండుటెండలో పరుగెత్తినా, పర్వతం మీద పరుగెత్తినా, పల్లపు దారిని పరుగెత్తినా చేతి గడియారంలో తేడా కనబడదు. కాని శరీరం పడే శ్రమ ఒక్కొక్క చోట ఒక్కొక్క విధంగా వుంటుంది. అభ్యాసంలో సరిచూసుకోవలసినది ఈ శ్రమనే.

ఎండ, ఉక్క

పరుగెత్తే మనిషి తన బరువులో ప్రతి కిలోగ్రాముకూ, ప్రతి కిలోమీటరుకూ సుమారు ఒక కిలోకేలరీ శక్తిని వ్యయం చేస్తాడు. పై యువకుని బరువు 60 కిలోగ్రాములైతే, గంటకు 12 కిలోమీటర్ల వేగంతో అతడు వ్యయం చేసే శక్తి 720 కిలోకేలరీలు. ఇందులో కనీసం మూడు వంతులు, అనగా 540 కిలోకేలరీలు, ఉష్ణంగా మారుతుంది. అంత బరువుగల శరీరం ఒక డిగ్రీ వేడెక్కడానికి దాదాపు 50 కిలోకేలరీలు చాలును. కాబట్టి పుట్టిన ఉష్ణం బయటకు పోయే దారి లేకపోతే, గంటలో శరీరోష్ణోగ్రత 10 డిగ్రీలకు పైగా పెరగాలి. ప్రాణం నిలిచేమాట అటుంచి, అంతవరకూ పరుగు కూడా సాగదు.

మనలను కాపాడేది చెమట. ఒక లీటరు చెమట చర్మం మీద ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల ఉష్ణాన్ని తనతో తీసుకొనిపోతుంది. అయితే ఆవిరి కావడం ముఖ్యం. కారిపోయిన చెమట వలన లాభం లేదు. మట్టికుండలోని నీటిని చూస్తే ఈ విషయం బోధపడుతుంది. అనంతపురం వంటి పొడిప్రాంతంలో మిట్టమధ్యాహ్నం కూడా కుండనీరు చల్లగా వుంటుంది. బందరు వంటి సముద్రతీరపు ఊరిలో ఉక్కపోసే రోజున అదే కుండ అంతగా చల్లబరచలేదు. గాలిలో అప్పటికే నీటి ఆవిరి నిండివుండడమే ఇందుకు కారణం. దోహాలో ఆ రాత్రి ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటింది, గాలిలోని సాపేక్ష ఆర్ద్రత 70 శాతం దాటింది. పరుగెత్తేవారి చెమట కారిందే గాని తగినంత ఆరలేదు.

ఉష్ణాన్ని చర్మానికి చేరవేసేది రక్తం. కండరాలకు ఆక్సిజన్‌ను అందించేదీ అదే రక్తం. ఎండవేళ ఒకే రక్తం రెండు పనులూ చేయవలసి రావడంతో గుండె మరింత వేగంగా కొట్టుకుంటుంది. చెమటతో నీరు పోయినకొద్దీ రక్తపరిమాణం తగ్గి ఈ భారం ఇంకా పెరుగుతుంది. కాబట్టి వేగం తగ్గించుకోవడం బలహీనత కాదు, లెక్క. కిలోమీటరుకు 15 సెకండ్లు తగ్గించుకుంటే 42.195 కిలోమీటర్ల దూరంలో పదిన్నర నిమిషాలు ఆలస్యమవుతుంది. మొదటినుండీ ఆ ఆలస్యానికి సిద్ధపడినవాడు గమ్యం చేరగలడు. సిద్ధపడనివాడు చివరి పది కిలోమీటర్లలో అంతకుమించి పోగొట్టుకొంటాడు. ఎంత తగ్గించాలన్నది అందరికీ ఒకటే కాదు. నాడి, శ్వాస చూసుకొని నిర్ణయించుకోవాలి. ప్రతిదినం కొంచెం కొంచెంగా వేడిలో అభ్యాసం చేస్తే 10 నుండి 14 రోజులలో శరీరం చాలావరకు అలవాటుపడుతుంది: రక్తంలోని ద్రవం పెరుగుతుంది, చెమట త్వరగా పట్టడం మొదలవుతుంది, చెమటలో పోయే ఉప్పు తగ్గుతుంది.

ఉపాధ్యాయులు ఒక విషయం మరువరాదు. పరుగెత్తే విద్యార్థి తూలినా, తికమకగా మాట్లాడినా, అది వడదెబ్బ కావచ్చును. చెమట పడుతున్నది కదా అని ఉపేక్షించరాదు. శ్రమవలన కలిగే వడదెబ్బలో చెమట పడుతూనే వుండవచ్చు. వెంటనే నీడకు చేర్చి, చల్లని నీటిలో వుంచి గాని, ఒంటినిండా చల్లని నీరు పోసి విసరుతూ గాని ఉష్ణోగ్రతను తగ్గించాలి. వైద్యునికోసం కబురు పంపుతూనే ఈ పని సాగించాలి. ఇక్కడ నిమిషాలే ప్రాణాలు.

ఎత్తైన ప్రదేశాలు

1968లో ఒలింపిక్ పోటీలు సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తునగల మెక్సికో నగరంలో జరిగాయి. అక్కడి గాలిలోనూ ఆక్సిజన్ 21 శాతమే. కాని వాయుపీడనం సముద్రతీరంలోని పీడనంలో దాదాపు మూడు వంతులే. అందువలన ఒక్కొక్క శ్వాసతో లోపలికి పోయే ఆక్సిజన్ తగ్గిపోతుంది. గాలి పలుచన కావడం వలన నిరోధం తగ్గి, కొద్ది సెకండ్ల పోటీలకు మేలు జరిగింది. బాబ్ బీమన్ 8.90 మీటర్ల దూరం దుమికినది అక్కడే. దూరపు పరుగులవారికి మాత్రం నష్టమే. 1964లో టోక్యోలో అబెబే బికిలా 2 గంటల 12 నిమిషాల 11 సెకండ్లలో మారథాన్ గెలిచాడు. మెక్సికోలో గెలిచిన మామో వోల్డేకు 2 గంటల 20 నిమిషాల 26 సెకండ్లు పట్టింది. తేడా సుమారు 6 శాతం. మనుషులు వేరు, దారులు వేరు. అయినా ఎత్తు ప్రభావం ఏపాటిదో ఊహించడానికి ఇది చాలును.

ఎత్తుకు చేరిన కొత్తలో దూరపు పరుగుల వేగం తగ్గించుకోవాలి. చిన్న చిన్న పరుగులను పాతవేగంతోనే చేసి, మధ్యనుండే విశ్రాంతిని పెంచుకోవాలి. ఆక్సిజన్ తగ్గినట్లు మూత్రపిండాలు గ్రహించి ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోనును ఎక్కువగా స్రవిస్తాయి. దానివలన ఎముకల మజ్జలో ఎర్రరక్తకణాల ఉత్పత్తి పెరుగుతుంది. ఇది వారాలు పట్టే పని. హైదరాబాదు వంటి 500 మీటర్లపై ఎత్తునగల చోట్ల ఈ ప్రభావం స్వల్పం. 3,500 మీటర్ల లేహ్ పట్టణంలో అది చాలా తీవ్రం.

పల్లపు దారి

పల్లంలో పరుగు సులభమని అందరూ అనుకుంటారు. కొంతవరకు నిజమే. బోస్టన్ మారథాన్ దారి మొదటినుండి చివరికి సుమారు 140 మీటర్లు దిగుతుంది. 2011లో జెఫ్రీ ముతాయ్ అక్కడ 2 గంటల 3 నిమిషాల 2 సెకండ్లలో పరుగెత్తాడు. అప్పటి ప్రపంచ రికార్డు 2 గంటల 3 నిమిషాల 59 సెకండ్లు. అయినా ఆయన పరుగును రికార్డుగా అంగీకరించలేదు. రికార్డుకు కిలోమీటరుకు ఒక మీటరును మించి దారి దిగరాదని నియమం. వెనుకగాలి లాభాన్ని అరికట్టడానికి, మొదలుకూ చివరకూ మధ్య సరళదూరం పందెపు దూరంలో సగం మించరాదని మరొక నియమం. బోస్టన్ దారి రెండింటినీ దాటుతుంది.

అయితే పల్లానికి వేరే వెల వున్నది. దిగేటప్పుడు తొడ ముందరి కండరాలు సాగుతూనే బిగుసుకొని శరీరాన్ని నిలబెట్టాలి. ఇందువలన కండరతంతువులు సూక్ష్మంగా చెడి, ఒకటి రెండు రోజుల తరువాత నొప్పి హెచ్చుతుంది. ఊపిరి ఏ హెచ్చరికా చేయదు. బోస్టన్‌లో మొదటి పల్లాలలో తొందరపడినవారికి 26వ కిలోమీటరు తరువాత వచ్చే న్యూటన్ గుట్టలు ఎక్కడానికి తొడలు సహకరించవు. అందుచేత పల్లంలో అంగలు చిన్నవిగా, త్వరితంగా వేయాలి. పందేనికి కొన్ని వారాల ముందు కొద్దిపాటి పల్లపు పరుగులు అలవాటు చేసుకోవాలి. ఒక్కసారి ఆ శ్రమ చవిచూసిన కండరం కొన్ని వారాలపాటు తరువాతి దెబ్బకు తట్టుకొంటుంది.

ఎండలో ఉష్ణం, ఎత్తున ఆక్సిజన్, పల్లంలో కండరం: ఈ మూడు చోట్లా హద్దు వేరు. కాలమాపకంతో మైదానంలో నిలబడే ఉపాధ్యాయుడు అది చూపే అంకెతో పాటు గాలినీ, దారినీ, పిల్లవాని ముఖాన్నీ చూడాలి.