గోళీకాయ పుట్టుపూర్వోత్తరాలు

రెంటచింతల ఎండ సంగతి రాష్ట్రమంతా ఎరిగిందే. ఆ ఊరున్న పల్నాట గోళీసోడా బుడ్డి పగిలితే కొట్టువాడికి నష్టం, పిల్లలకు పండగ. అందులోంచి దొర్లిపడ్డ గాజుగోళీ ఆ సాయంత్రానికల్లా గుంటాటలో ఉండేది.

గుండు విసిరి గురి కొట్టే సరదా చాలా పాతది. ఈజిప్టులోని నఖాదాలో 1894–95లో ఫ్లిండర్స్ పెట్రీ జరిపిన తవ్వకాల్లో ఒక పసిబిడ్డ సమాధి బయటపడింది. నిలబెట్టి పడగొట్టే తొమ్మిది రాతి ముక్కలు, వాటికి తగిన చిన్న రాతి గుండ్లు అందులో ఉన్నాయి. వాటి వయసు దాదాపు ఐదువేల ఏళ్లు. నేటి బౌలింగుకూ మన గోళీలాటకూ ఆ ఆటను తాత వరస అనుకోవచ్చు.

రాతి గోళీల చోట గాజువి విరివిగా రావడానికి 19వ శతాబ్దం దాకా ఆగాల్సివచ్చింది. 1840లలో జర్మనీలోని లౌషా గాజు పనివాళ్లు ఒక కొనన గిన్నె ఉన్న కత్తెర చేయించారు. వేడి గాజు కడ్డీని అందులో పెట్టి తిప్పి తుంచితే గోళీ వచ్చేది. తుంచినచోట మాత్రం మచ్చ మిగిలేది.

1872లో ఇంగ్లండు ఇంజనీరు హైరం కాడ్ గోళీనే మూతగా పెట్టిన సీసాకు పేటెంటు పొందాడు. సీసాను తలకిందులు చేసి సోడా నింపుతారు. గ్యాసు గోళీని మెడలోని రబ్బరు వాషరుకేసి అదిమిపెడుతుంది. గ్యాసు ఎంత గట్టిగా తంతే మూత అంత బిగుస్తుంది. తాగేటప్పుడు గోళీ అడ్డం పడకుండా మెడ దగ్గరి నొక్కులు దాన్ని పట్టి ఆపుతాయి.

మచ్చలేని గుండ్రదనం ఇచ్చింది అమెరికాలోని ఏక్రన్ వాసి మార్టిన్ క్రిస్టెన్సెన్. ఉక్కు బేరింగు గుండ్లు చేసిన అనుభవంతో 1905లో గోళీల యంత్రానికి పేటెంటు పొందాడు. గాడులున్న రెండు చక్రాల మధ్య కరిగిన గాజు ముద్ద దొర్లుతూ చల్లారుతుంది. ఒకే ఇరుసు మీద తిరిగితే ముద్ద గుండ్రంగా రాదు. తిరిగే దిక్కు క్షణక్షణం మారితేనే అన్ని వైపులా సమానంగా గట్టిపడుతుంది. తర్వాతి యంత్రాల్లో మరచుట్ల గాడులు ఆ పని చేశాయి.

గాజుకు ఇసుక, సోడా, సున్నపురాయి కావాలి. ఇసుక, సోడా మాత్రమే కలిపి కరిగిస్తే ఆ గాజు నీళ్లలో కరిగిపోతుంది. దాన్ని నిలబెట్టేది సున్నం. పల్నాటిలోని పిడుగురాళ్ల బట్టీల్లో కాలేదీ సున్నపురాయే. కాలినప్పుడు అందులోంచి పోయే వాయువూ, సోడాలో బుసబుసలాడే వాయువూ ఒకటే. గోళీని నిలబెట్టే సున్నం, దాన్ని తన్నే గ్యాసు, రెండూ పల్నాటి రాతిలో ఉన్నాయన్నమాట.

ఇక కొట్టే తీరు. ఇంగ్లండులోని టిన్స్‌లీ గ్రీన్‌లో 1932 నుంచి గుడ్‌ఫ్రైడే నాడు గోళీల పోటీలు జరుగుతున్నాయి. ఆరడుగుల వలయంలో 49 గోళీలు పరిచి, వేలి కణుపు నేలకానించి బొటనవేలితో చిమ్ముతారు. మన పిల్లలు ఎడమ బొటనవేలు నేలకు ఊని, మధ్యవేలి కొసన గోళీ పెట్టి, కుడిచేత్తో ఆ వేలిని విల్లులా వెనక్కి గుంజి వదులుతారు. మెల్లగా గుంజినప్పుడు కండరాల్లో, స్నాయువుల్లో పోగైన శక్తి వదిలీవదలగానే ఒక్కసారిగా బయటికొస్తుంది. గోళీ నేలను తాకకుండా ఎగిరి ఎదుటి గోళీకి సూటిగా తగిలిందా, బరువులు సమానమైతే వేగమంతా దానికి అప్పగించి తాను అక్కడికక్కడే దాదాపు ఆగిపోతుంది. గుంట పక్కనే గోళీ నిలవాలనుకునే ఆటగాడికి ఈ సూత్రం పాఠం చదవకముందే వేలికి తెలుసు.

పల్నాటి తిరునాళ్లలో బండలాగే ఎడ్లకు బహుమతులున్నాయి. ఈ వేలివాటుకూ ఒక పోటీ పెడితే ఖర్చు గుప్పెడు గోళీలు, ఒక గుంట. టిన్స్‌లీ గ్రీన్‌ వాళ్లనూ పిలవచ్చు. కాకపోతే వాళ్లు మన పద్ధతిలో వేలు వంచడం మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలి.